కంఠి రాని దావీదు

1991 జూన్ 12, బుధవారం. రేపల్లె

దావీదు ముక్కు మళ్ళీ పెరిగింది. పోయిన నెలలోనే గోళ్ళ కత్తెరతో చివర తీశాను. ఇప్పుడు పై ముక్కు వంగి గొంతుకి ఆనుకుంటోంది. దాని మీద సిరా చుక్కల్లా నల్లటి మచ్చలు. తోక కిందుగా, పొట్ట దగ్గర ఉబ్బు కూడా పెరిగింది. వేలితో తాకితే నానిన పిండిలా మెత్తగా ఉంది. అక్కడ చర్మం పసుపు రాసినట్టుంది.

చిలుకని ఇంత వివరంగా చూసి రాసుకుంటున్నందుకు నాకే నవ్వొచ్చింది. పాల లెక్క, వెచ్చాల లెక్క రాసుకునే చేత్తోనే ఇదీ. రాసుకుంటే తప్ప నాకేదీ కంటికి ఆనదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన ప్రార్థన చేశారు. ముగించీ ముగించకముందే పంజరంలోంచి "ఆమెన్" వినిపించింది. అచ్చం మామయ్యగారి గొంతు. చివరి అక్షరాన్ని వెనక వరుసలో కూర్చున్నవాళ్ళ దాకా పంపించే ఆ సాగదీత కూడా ఆయనదే. మామయ్యగారు పెనుమూడి రేవు చుట్టుపక్కల పల్లెల్లో వాక్యం చెప్పే ఉపదేశిగా పనిచేశారు. తాటిచెట్టు తొర్రలోంచి పడిన చిలుక పిల్లని ఒక పడవవాడు ఆయన చేతిలో పెట్టాడు. కీర్తనలు వింటూ తల ఊపుతోందని దావీదు అని పేరు పెట్టుకున్నారు. పోయిన క్రిస్మస్ ముందు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ మాటా రెండూ పోయాయి. ఇప్పుడు ఆయన గొంతు దావీదు దగ్గరే ఉంది.

ఆమెన్ అనగానే అందరం మొదటి ముద్ద దావీదుకి పెడతాం. అది మామయ్యగారు పెట్టిన అలవాటు. నెయ్యి కలిపిన ముద్ద ఆయనది, వేపుడు ముక్క మా ఆయనది, వేరుశనగ గుళ్ళు నావి. ఇంటికి ఎవరొచ్చినా "ఏదీ, ఆమెన్ అనిపించండి" అంటారు. అనిపిస్తాం. పెడతాం.

నా పేరు కూడా పిలుస్తుంది, "అమ్మా దేవకుమారీ" అని. అది వేరే సంగతి.

జూన్ 15

పక్కింటి వెంకటసుబ్బులు గోడ మీంచి తొంగిచూసింది.

"ఏంటక్కా, చిలక్కి ఒంట్లో బాలేదంటగా?"

"తెనాలి తీసుకెళ్దామనుకుంటున్నా."

"తెనాలా? మా అత్త నడుం నొప్పని మొత్తుకుంటే మా ఆయన ఈ వీధి చివరి డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళలా. మీ ఇంట్లో చిలకై పుట్టినా బాగుండేది."

"చిలకై పుడితే ఆమెన్ అనాలి మరి."

"ముద్ద పెడితే ఏదైనా అంటాం అక్కా."

జూన్ 19

తెనాలి వెళ్ళొచ్చాను. పంజరం మీద తడిపిన పాత చీర కప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. వేమూరు దాటాక కునుకు పట్టింది. చీర కిందనుంచి "ఆమెన్" అని వినపడి కళ్ళు తెరిచాను. ఎదురు సీటులో కూర్చున్న పెద్దాయన చేతులు జోడించి ఉన్నాడు. రైలు పెట్టెలో సగంమంది నవ్వుతున్నారు. ఎవరో జంతిక ముక్క లోపలికి జారవిడిచారు. వద్దనలేదు.

అక్కడి పశువుల డాక్టరు మంచివాడు. ఉబ్బుని చూసి, "నేను గేదెలవాణ్ణమ్మా. తెలియకుండా చెయ్యి పెట్టను. బాపట్లలో గంగాధరరావు గారని రిటైరైన డాక్టరున్నారు. పందెం కోళ్ళకి కుట్లు వేసీ వేసీ ఆయన చెయ్యి తిరిగింది. ఆయనకి చూపించండి" అన్నాడు.

బాపట్లలో మా చెల్లెలు కరుణ ఉంది. ఉత్తరం రాశాను.

జూన్ 24, సోమవారం. బాపట్ల

కరుణ ఇంట్లో రాస్తున్నాను. సూర్యలంక సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. కిటికీ కర్టెను ఉబ్బుతోంది, తగ్గుతోంది. దావీదు పొట్ట కూడా అలాగే.

గంగాధరరావు గారు వసారాలో బల్ల మీద తువ్వాలు పరిచి చూశారు.

"పేరేంటి?"

"దావీదండి."

"ఎన్నేళ్ళు?"

"ఆరండి."

"మెడకి కంఠి రాలేదే?"

"మూడేళ్ళు నిండాక వస్తుందన్నారండి. చూస్తున్నాం."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "ఇంకా చూస్తున్నారా? ఇది ఆడపిల్లమ్మా. కంఠి మగవాటికే వస్తుంది."

కరుణ నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. పాస్టరుగారు మొదలుకొని పాలవాడి దాకా అందరం ఆ ఎర్ర గీత కోసం దాని మెడ వంక చూస్తూనే ఉన్నాం.

"ఏం పెడుతున్నారు?"

"ప్రార్థన అయ్యాక మా పళ్ళాల్లోంచి మొదటి ముద్ద పెడతామండి."

"రోజుకెన్ని ప్రార్థనలు?"

వచ్చిపోయేవాళ్ళ ప్రార్థనలు నేను లెక్కపెట్టలేదు.

తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పారు. కాలేయానికి కొవ్వు పట్టింది. ముక్కు అలా పెరగడం, ఆ మచ్చలు దానివల్లే. లోపల చోటు చాలక పొట్ట కండ సడలి చీలింది. ఆ చీలికలోంచి పేగు చర్మం కిందికి దిగింది. హెర్నియా.

"కుడితే నయమవుతుందాండీ?"

"ఇవాళ కుడితే చస్తుంది. కాలేయం బాగాలేని పక్షికి రక్తం గడ్డకట్టదు, మత్తు దిగదు. ముందు కాలేయం కోలుకోవాలి, తర్వాతే కత్తి."

"కుట్టకపోతే?"

"పేగు ఏదో ఒకరోజు మెలిపడుతుంది. ఆ రోజు నా దాకా తెచ్చే వ్యవధి ఉండదు."

మొలకెత్తిన పెసలు, కొర్రలు, తోటకూర, జామకాయ పెట్టమన్నారు. నెయ్యి, నూనె, వేరుశనగ కంటికి కనపడకూడదన్నారు. నీళ్ళలో వేసే మందు ఇచ్చారు. గుమ్మం దాకా వచ్చి, "వేళకి పెట్టండి. మాటకి పెట్టొద్దు" అన్నారు.

జూన్ 26. రేపల్లె

"ఆమెన్" అంది. ఎవరం పెట్టలేదు. మామయ్యగారి ఎడమచెయ్యి ముద్దతో సగం లేచి ఆగిపోయింది.

మళ్ళీ అంది. ఈసారి ఇంకా పొడుగ్గా. ఆయన పల్లెల్లో వర్షం చప్పుడుని మించి అనేవారే, అలా. తర్వాత ఆగకుండా అంటూనే ఉంది. మా ఆయన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

దావీదు అనే పిలుస్తున్నాం. ఆరేళ్ళ పేరు.

జూలై 4

మా ఆయన ఆఫీసులో ఎవరినో అడిగి టేపురికార్డరు తెచ్చారు. పంజరం ముందు పెట్టి రికార్డు మీట నొక్కారు. దావీదు తల ఒకవైపు వంచి తిరిగే చక్రాలని చూస్తూ కూర్చుంది. ఒక్క మాట లేదు. మిషను తిరిగి ఇవ్వడానికి ఆయన వీధి మలుపు తిరిగారో లేదో "ఆమెన్" అంది.

జూలై 16

కంసాలి దగ్గర చిన్న తాసు అడిగి తెచ్చాను. దావీదుని గుడ్డసంచిలో చుట్టి తూస్తున్నాను. బరువు తగ్గలేదు. నేను పెట్టేది నాకు తెలుసు. మందు తప్పలేదు. రెట్ట ఇంకా ఆకుపచ్చగానే ఉంది. కాలేయం మొండికేసిందేమో.

జూలై 17

తగ్గలేదు.

జూలై 21, ఆదివారం

గుడి నుంచి వచ్చి మామయ్యగారి దుప్పటి దులిపాను. వేరుశనగ పొట్టు రాలింది. ఎర్రగా, పల్చగా, గాలికి గదంతా తేలింది. ఎండలో అది చాలాసేపు కిందికి దిగలేదు.

ఊడ్చేశాను.

జూలై 22

మధ్యాహ్నం కల వచ్చింది. పెనుమూడి రేవులో పడవ మీద మామయ్యగారు నిలబడి వాక్యం చెబుతున్నారు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. గట్టు మీద జనం వింటున్నట్టే తలలు ఊపుతున్నారు. ఇంతలో తాటిచెట్లన్నిటిలోంచి చిలుకలు లేచాయి. ఆకాశం సగం ఆకుపచ్చగా మారింది. అవన్నీ ఆయన చెప్పేదే చెబుతున్నాయి. కృష్ణ మీద ఆ మాటలు నీళ్ళతో పాటు దిగువకి పోతున్నాయి. నేను చీరకొంగు పట్టి వాటిని ఆపాలని చూస్తున్నాను. కొంగు తడిసింది గానీ అందులో ఏమీ నిలవలేదు.

లేచి చూస్తే వీపు కింద చెమట. పంజరంలోంచి "అమ్మా దేవకుమారీ" అంటోంది. ఆకలికి అంటోంది. కదలకుండా పడుకుని విన్నాను.

జూలై 23

మామయ్యగారి మంచం పక్కన కూర్చున్నాను. చెప్పాను.

"మామయ్యగారూ, మీరు పెట్టే గింజలే దాన్ని చంపుతున్నాయండి."

ఆయన గోడవైపు తిరిగారు. పక్షవాతానికి చూసిన తెనాలి డాక్టరు అక్షరాలు పలికించమని చెప్పినప్పుడు కూడా ఇలాగే గోడవైపు తిరిగారు. ఉపదేశి కదా, అరకొర మాట నలుగురిలో పలకరు.

నేను లేవలేదు. చాలాసేపటికి ఎడమచెయ్యి దిండు కింద పెట్టి, పిడికిలి తీసి, నా అరచేతిలో తెరిచారు. వేరుశనగ గుళ్ళు వెచ్చగా ఉన్నాయి.

ఇంకో పిడికిలి కూడా తీశారు.

ఆగస్టు 3

బరువు తగ్గింది. రెట్టలో తెలుపు కనపడింది. ముక్కు మొదట్లో కొత్తగా వచ్చేది నున్నగా, మచ్చ లేకుండా వస్తోంది.

ఆమెన్లు కూడా తగ్గాయి. నిన్న ఒక్కటే. ఇవాళ లేదు.

ఆగస్టు 5

మా ఆయనతో మాటామాటా వచ్చింది.

"ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు. ఉన్నన్నాళ్ళు ఉంటుంది. మునుపటిలా ముద్ద పెట్టు, మాట్లాడుతుంది. నాకు మా నాన్న గొంతు కావాలి."

"అది చచ్చిపోయాక గొంతెక్కడిది?"

"బతికి మాట్లాడకపోతే మాత్రం ఎక్కడిది? కోసి తెచ్చాక పలుకుతుందని రాసిచ్చాడా మీ డాక్టరు?"

"లేదు."

"మరి నీకెందుకే అంత పట్టుదల?"

మామయ్యగారి కోసమండీ అన్నాను. అబద్ధం కాదు.

ఆయన నన్ను "ఇదిగో" అంటారు. లేకపోతే "ఏమే". చెడ్డగా కాదు, మొదటినుంచీ అంతే. వీధిలో బర్నబాస్ గారి భార్యని. మా అమ్మ పోయాక కరుణకి నేను అక్కని. ఈ ఇంట్లో అడుగు పెట్టిన రోజు మామయ్యగారే గుమ్మంలో నిలబడి "అమ్మా దేవకుమారీ, లోపలికి రా" అన్నారు.

ఇది ఎందుకు రాశానో.

ఆగస్టు 12, సోమవారం. బాపట్ల

అయింది.

డాక్టరుగారి ఇంట్లో వెనక గది. తెల్లటి గుడ్డ మీద దావీదుని వెల్లకిలా పడుకోబెట్టారు. రెక్కలు నేను పట్టుకున్నాను. టార్చి కరుణ పట్టుకుంది. చిన్న గాజు గ్లాసులో దూది, దూది మీద ఈథరు. దాన్ని తలకి బోర్లించారు.

"ఊపిరి చూస్తూ ఉండమ్మా. ఆగినట్టుంటే చెప్పు."

ఆ వాసన తియ్యగా, చల్లగా ఉంది. గది గోడలు కొంచెం వెనక్కి జరిగాయి. సముద్రం చెవి పక్కనే ఉన్నట్టుంది. గ్లాసులో దావీదు కళ్ళు సగం మూసింది. అప్పుడు, మత్తులోకి జారిపోతూ, "అమ్మా దేవకుమారీ" అంది. గట్టిగా కాదు. గుమ్మంలోంచి పిలిచినట్టు.

తర్వాత కరుణని అడిగితే తనేమీ వినలేదంది. డాక్టరుగారూ తల ఎత్తలేదు. ఈథరు నాక్కూడా ఎక్కిందేమో.

పొట్ట మీద ఈకలు తీశారు. కత్తి గీత చాలా చిన్నది. లోపల వెన్నలాంటి కొవ్వు, కొంచెం నీరు. నీరు దూదితో అద్ది తీశారు. కొవ్వు పిసరు పిసరుగా కత్తిరించి పక్కన పెట్టారు. పేగు తడి దారంలా మెరుస్తోంది. దాన్ని తడి గుడ్డతో నెమ్మదిగా లోపలికి తోశారు.

"అదిగో కాలేయం, చూడు."

నేను ఊపిరి మీద నుంచి కళ్ళు తీయలేదు. ఆయన మళ్ళీ చూడమన్నారు. చూశాను. అంచులు దుగ్గిరాల పసుపులా ఉన్నాయి. మధ్యలో ముదురు ఎరుపు తిరుగుతోంది.

"మొదట్లో అంతా పసుపే అయ్యుంటుంది. కోలుకుంటోంది. దీన్ని కోసేది లేదు. నువ్వు పెట్టిన పెసలే దీనికి వైద్యం."

చీలిక అంచులు కలిపి కుడుతుంటే ఒక చుక్క రక్తం ఊరింది. ఆయన దూది అద్దారు. మళ్ళీ ఊరింది. ఆయన సూది కింద పెట్టేశారు. గడ్డకట్టకపోతే ఇక చెయ్యగలిగింది లేదని ఆయన చెప్పక్కర్లేదు, ఆ సూది పెట్టిన తీరే చెప్పింది. దూది అద్దుతూనే ఉన్నారు. దావీదు ఛాతీ లేచింది, పడింది. దిండు కింద నుంచి వచ్చిన ఆ రెండో పిడికిలి గుర్తొచ్చింది.

దూది తెల్లగా వచ్చింది.

ఆయన సూది తీసుకున్నారు.

ఆగస్టు 13

కళ్ళు తెరిచింది. నిలబడలేదు.

ఆగస్టు 14

నిలబడింది.

ఆగస్టు 21

కుట్లు ఆరాయి. రోజంతా పంజరం పక్కనే ఉంటున్నాను. దానితో ఏదో ఒకటి మాట్లాడుతున్నాను. తిను, కొంచెం తిను, అదిగో ఉడత, అదిగో రైలు. కరుణ వినీ వినీ, "అక్కా, బావతో నీ పెళ్ళయినప్పట్నుంచీ ఇన్ని మాటలు ఆడుంటావా?" అంది.

"ఆయన తిననని మొండికేస్తే ఆడేదాన్ని."

దావీదు మాత్రం ఏమీ అనడం లేదు. కీచుమంటుంది, అంతే. డాక్టరుగారిని అడిగాను.

"గొంతుకేం కాలేదమ్మా. మాట దాని ఇష్టం. ముద్ద కోసం నేర్చింది, ముద్ద రాదని మానేసింది."

"మళ్ళీ ముద్ద పెడితే?"

ఆయన నావంక చూశారు. నేనే తల దించుకున్నాను.

ఆగస్టు 30. రేపల్లె

ఇంటికి వచ్చాం. మామయ్యగారు ఎడమచెయ్యి చాపి పంజరం తలుపు తీయించుకున్నారు. దావీదు ఆయన ఛాతీ మీద ఎక్కి చొక్కా గుండీ కొరుకుతూ కూర్చుంది.

భోజనాల దగ్గర మా ఆయన ప్రార్థన ముగించి ఆగారు. అందరం ఆగాం. ఎవరూ ఆమెన్ అనలేదు. చివరికి ఆయనే గొణిగినట్టు అని కంచం లాక్కున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 11

మాట్లాడలేదు.

సెప్టెంబరు 19

బరువు సరిగ్గా ఉంది. ముక్కు బాగుంది. ఈకలు వచ్చాయి. అన్నీ బాగున్నాయి.

మాట్లాడలేదు.

సెప్టెంబరు 29, ఆదివారం

ఇవాళ గుడిలో చందా రసీదు రాస్తూ కుర్రాడు "అమ్మా, మీ పేరు?" అన్నాడు. చెప్పడానికి ఒక క్షణం పట్టింది.

దావీదు నా పేరు పిలవడం వేరే సంగతి అని మొదట్లో రాసుకున్నాను. వేరే సంగతి కాదు.

అక్టోబరు 17

సాయంత్రం నాలుగింటికి దావీదుకి జామముక్క వేళ. ఇప్పుడు ఆ పని మామయ్యగారికి అప్పగించాను. వసారాలో ఆయన కుర్చీ, పక్కన పంజరం. నేను లోపల బియ్యం ఏరుతుంటే ఏదో చప్పుడు వినపడింది. నాగలి రాయికి తగిలినట్టు మోటుగా ఉంది. తలుపు సందులోంచి చూశాను. ఆయన జామముక్క పట్టుకుని ఉన్నారు. నోరు ఒక పక్కకి లాగుతోంది.

"దే," అన్నారు.

దావీదు తల వంచింది.

"దే."

గోడవైపు తిరిగే మనిషి. నేను చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. చేటలో బియ్యం ఏరినవే మళ్ళీ ఏరాను.

అక్టోబరు 18

నాలుగింటికి వసారాలోకి ఎవరూ వెళ్ళకూడదని మా ఆయనకి చెప్పాను. ఎందుకన్నారు. చిలుక బెదురుతుందన్నాను.

నవంబరు 8

వెంకటసుబ్బులు గోడ మీంచి, "ఏంటక్కా, మీ చిలక గొంతు బొంగురుపోయింది? ఏదో నసుగుతోంది" అంది.

"చిలకేనా?"

"మరెవరు?"

ఏమో అన్నాను.

నవంబరు 24, ఆదివారం

మా ఆయన ప్రార్థన ముగించాక ఎప్పటిలాగే ఆగారు. నేను ఆమెన్ అన్నాను. పైకే అన్నాను. ఆయన కళ్ళు తెరిచి చూశారు. మామయ్యగారు ఎడమచేత్తో బల్ల మీద మెల్లగా తట్టారు.

డిసెంబరు 2, సోమవారం

క్రిస్మస్ పిండివంటలకి బియ్యప్పిండి జల్లిస్తున్నాను. మోచేతుల దాకా పిండి. ఎండ కిటికీలోంచి వాలుగా పడుతోంది. జల్లెడ కింద పిండి పొగలా లేచి ఆ వెలుగులో నిలబడింది. నిద్రా మెలకువా కాని వేళ. వసారాలోంచి పిలుపు వచ్చింది.

"దే... కుమా... రీ."

పగిలిపోయి ఉంది. మధ్యలో ఊపిరి తీసుకుంది. మొదట ఉండాల్సిన "అమ్మా" లేదు. పాత గొంతు కాదు.

"వస్తున్నానండీ," అన్నాను.

వెళ్ళి చూస్తే ఇద్దరూ నావైపే చూస్తున్నారు. ఇద్దరి నోళ్ళూ మూసే ఉన్నాయి. ఎవరు పిలిచారని అడగలేదు.

జామకాయ కోసి చెరొక ముక్క ఇచ్చాను. మాటకి కాదు, వేళయిందని.